నూట పదిహేడో అట్ట

నేను ఒక అట్టను. పుస్తకానికి పైన వేసే అట్టను కాదు, పట్టుచీరలు నేసే మగ్గం మీద గొలుసుగా వేలాడే జకార్డు అట్టను. జానెడు పొడవు, మూడు వేళ్ళ వెడల్పు, ఒంటినిండా కన్నాలు. తెలియనివాళ్ళు చూస్తే చెదలు తిన్నాయనుకుంటారు. కన్నం ఉన్నచోట మగ్గం మీద దారం పైకి లేస్తుంది, లేనిచోట కిందే ఉండిపోతుంది. నాలాంటి అట్టలు రెండువందల నలభై వరుసగా తిరిగితే చీర అంచు మీద ఒక చిలక పూర్తవుతుంది. మళ్ళీ మొదటి నుంచి తిరిగితే ఇంకో చిలక. ఆ లెక్కన మేమూ ఒక రకం రాతే, కాకపోతే మమ్మల్ని చదివేది మగ్గం.

నా మీద ఉన్న కన్నాల్లో ఒకటి తప్పు. నా బతుకంతా ఆ ఒక్క కన్నం వల్లే ఇలా తిరిగింది కాబట్టి దాన్ని దాచుకోను.

నన్ను కొట్టింది చౌడేశ్వరి. ధర్మవరంలో నేతగాళ్ళకు అట్టలు కొట్టిపెట్టడం ఆమె పని. గళ్ళకాగితం మీద గీసిన బొమ్మను ముందు పెట్టుకుని, ఏ అట్ట మీద ఎక్కడ కన్నం పడాలో గడి గడికీ చూసుకుంటూ మిషను మీద కొడుతుంది. అయ్యాక ఒక కొసన నల్లసిరాతో నెంబరు వేస్తుంది. నా నెంబరు నూట పదిహేడు. నన్ను కొడుతున్నప్పుడు ఆమె ఒడిలో ఒక నవల తెరిచి ఉంది. అందులో శత్రువులు సొరంగం తవ్వుకుని కోటలోకి వస్తున్నారు. చౌడేశ్వరి ఒక కన్ను గళ్ళకాగితం మీద, ఇంకో కన్ను సొరంగం మీద వేసింది. శత్రువులు కోటలోకి వచ్చారు, నా మీద ఒక కన్నం ఎక్కువ పడింది.

ఆ తప్పు పట్టుకున్నది ఆమె మొగుడు ఓబులేసు. అదే ఇంట్లో ముందు గదిలో, గుంతలోకి కాళ్ళు దించి కూర్చునే గుంత మగ్గం మీద నేస్తాడు. పదకొండో చిలక నేశాక మగ్గం ఆపి, తల వంచి అంచును చాలాసేపు చూశాడు.

"ఏమే చౌడీ, చిలకలకు ముక్కుపుడకలు ఎప్పుడు పెట్టించినావు?" అని అడిగాడు.

చౌడేశ్వరి పరుగున వచ్చి చూసింది. ప్రతి చిలక ముక్కు మీదా ఒక జరీ చుక్క తళతళలాడుతోంది. ఓబులేసు అట్టల గొలుసు విప్పి, ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూసి, నా దగ్గరికి రాగానే లాగి బయట పెట్టాడు. నెంబరు చూసి కాదు, కన్నాలు చూసి. ఆ మనిషి రెండో తరగతిలో బడి మానేశాడు. ఓబులేసుకు చదువు రాదన్నది ఆ ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి. కానీ ఏ అట్ట ఇచ్చినా ఇది తోక, ఇది రెక్క అని చూడగానే చెప్పేవాడు.

ఆ చీరను దుకాణంవాళ్ళు వద్దన్నారు. చౌడేశ్వరి తనే కట్టుకుంది. నా స్థానంలోకి సరైన నూట పదిహేడు వెళ్ళింది. చౌడేశ్వరి నన్ను పొయ్యిలో పెట్టబోయి ఆగింది. సొరంగం దగ్గర ఆగిన పేజీలో గుర్తుకు ఏదో ఒకటి కావాలి కదా, నన్నే పెట్టింది. తన తప్పు తన కంటికే కనబడకూడదని నెంబరున్న కొసను పుస్తకం లోపలికి దోపి, ఖాళీ కొసను పైకి ఉంచింది. ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు మారినా నన్ను ఎప్పుడూ అలాగే పెట్టింది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

చౌడేశ్వరి చదివింది ఏడో తరగతి. శాఖా గ్రంథాలయానికి మాత్రం పాతికేళ్ళుగా పోతోంది. అక్కడి లైబ్రేరియన్ షంషాద్ మేడమ్‌కు ఒక పట్టుదల ఉంది. ఎవరికీ ఒకే రకం నవల వరుసగా రెండుసార్లు ఇవ్వదు.

"దినామూ ఒగే కూర తింటారా అక్కా?" అని అడుగుతుంది.

ఆమె పుణ్యమా అని నేను లోకమంతా తిరిగాను. కోట నవల అయ్యాక కాఫీ తోటల్లో ఒక ప్రేమకథకు వెళ్ళాను. అందులో ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఆ మాట ఒకరితో ఒకరు చెప్పుకోవడానికి రెండువందల పేజీలు పట్టింది. మూడో పేజీలోనే చెప్పేసుకుంటే ఏం పోయిందని నాకు విసుగొచ్చింది. మనుషులు నిజంగానే ఇలా ఉంటారని అప్పటికి నాకు తెలియదు. ఆ తర్వాత పద్నాలుగేళ్ళ పిల్ల ఇంట్లో అందరితో పోట్లాడి కబడ్డీ ఆడే నవల. చౌడేశ్వరికి యాభై నాలుగేళ్ళు. అది చదివిన వారం ఆమె కూడా మొగుడితో ప్రతి చిన్నదానికీ పోట్లాడింది. పాపం ఓబులేసుకు కారణం తెలియలేదు.

ఆ తర్వాత చంద్రుడి మీద ఊరు కట్టినవాళ్ళ కథ. అది చౌడేశ్వరి పైకి చదివింది. ఆ ఇంట్లో నవలలు పైకి చదవడానికి ఒక వేళ ఉంది. మగ్గం ఆడుతున్నంతసేపూ ఆ చప్పుడులో ఏమీ వినబడదు. పడుగు, అంటే మగ్గం మీది నిలువు దారాలు, అయిపోయినప్పుడు మాత్రం కొత్త పడుగు దారాలను పాత కొసలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. కొన్ని వేల దారాలు, రెండు మూడు రోజుల పని. వేళ్ళకు బూడిద అద్దుకుని, ఓబులేసు మాటాపలుకూ లేకుండా అతుకుతూ కూర్చుంటాడు. అప్పుడు చౌడేశ్వరి పక్కన చేరి చదువుతుంది.

"ఆడ నీళ్ళు లేవంటాండావు. మరి పట్టుకు రంగులెట్ల అద్దుతారు?" అని ఓబులేసు చంద్రుడి గురించి అడిగాడు.

"ఆడ పట్టుచీరలు కట్టరు లే."

"అయితే ఆ ఊరు మనకొద్దు."

అతుకు అయిపోతే చదువూ అయిపోయినట్టే. కథ ఏ మలుపులో ఉన్నా సరే, మళ్ళీ పడుగు అయిపోయేదాకా ఓబులేసు ఆగాల్సిందే. ఆ తర్వాతేమైందో ఒక్క ముక్క చెప్పమని ఎంత బతిమాలినా చౌడేశ్వరి చెప్పేది కాదు. నడిమధ్యలో ఆపి మనిషిని ఊరించడంలో ఆమెకు ఒక సంతోషం ఉంది. నాకు ఆ సంగతి ఆమె పేజీలో నన్ను పెట్టే తీరులోనే తెలిసేది.

ఒకసారి షంషాద్ మేడమ్ రెండు పుస్తకాలిచ్చింది. ఒకటి పిల్లల నవల, తప్పిపోయిన మేకపిల్ల కథ, పెద్ద పెద్ద అక్షరాలు, బొమ్మలు. రెండోది హత్య కథ. చౌడేశ్వరి మేక కథను ఒక్క మధ్యాహ్నంలో చదివేసి, మేక దొరికినప్పుడు కళ్ళు తుడుచుకుని, తిరిగి ఇవ్వడానికి కిటికీలో పెట్టింది. రెండు రోజుల తర్వాత చూస్తే అది అక్కడ లేదు.

ఇల్లంతా వెతికింది. ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదని తనలో తనే అనుకుంది. ఆమె తల్లి చివరి రోజుల్లో అన్నీ మరిచిపోయింది. మడిచిన చీరనే మళ్ళీ మళ్ళీ మడిచేది, కన్నకూతురిని పట్టుకుని నువ్వెవరి పిల్లవమ్మా అని అడిగేది. అది తనకూ వస్తుందేమోనన్న భయం చౌడేశ్వరికి ఎప్పటినుంచో ఉంది. ఎవరికీ చెప్పలేదు. అట్టలు కొట్టే మనిషికి మతిమరుపు వస్తే ఆ పని ఉండదు. చదివేది మరిచిపోతే చదువూ ఉండదు.

పుస్తకం ఎక్కడికీ పోలేదు. మగ్గం పక్కన, దారం చుట్టిన కండెల బుట్టలో అడుగున ఉంది. దాన్ని అక్కడ దాచింది ఓబులేసు.

ఎందుకో నాకు తర్వాత తెలిసింది. అప్పటికి నేను హత్య కథలో ఉన్నాను. రైసు మిల్లు యజమానిని ఎవరో చంపారు. డాక్టరు మీద అనుమానం, మేనల్లుడి మీద అనుమానం, వంటమనిషి మీదా గుమస్తా మీదా అనుమానం. నాలుగో అధ్యాయంలో అతుకు అయిపోయింది. చౌడేశ్వరి పుస్తకం మూసి, మిగతాది వచ్చే పడుగుకు అని లేచింది. ఇక ఓబులేసుకు అన్నం సయించలేదు. మిల్లు యజమాని తన సొంత అన్న అయినట్టు దిగులు పెట్టుకున్నాడు.

ప్రతిరోజూ మధ్యాహ్నం చౌడేశ్వరి కొట్టిన అట్టలు ఇచ్చి రావడానికి బయటికి పోతుంది. ఆ గంటసేపు మగ్గం చప్పుడు ఆగిపోయేది. ఓబులేసు గుంతలోంచి పైకొచ్చి, ముందు బుట్టలోంచి మేక పుస్తకం తీసి, పెద్ద అక్షరాల మీద వేలు పెట్టి కూడబలుక్కునేవాడు. మే, క. మేక. ఆ ధైర్యంతో హత్య కథ చేతిలోకి తీసుకునేవాడు. మధ్యలో ఏం జరిగిందో అతనికి అక్కర్లేదు, ఎవరు చంపారో తెలిస్తే చాలు. నేరుగా చివరి అధ్యాయం తెరిచి, నన్ను అక్కడ పెట్టుకుని, రోజుకు నాలుగు వరుసలు చదివేవాడు. లేచేముందు నన్ను జాగ్రత్తగా తీసి చౌడేశ్వరి పేజీలో పెట్టేవాడు. అంకెలు అతనికి బాగా వచ్చు. అరవై ఏళ్ళ మనిషి చెమటలు కక్కుతూ అక్షరాలతో కుస్తీ పడుతుంటే నాకు గర్వంగా ఉండేది. ఒత్తులు వచ్చినప్పుడు మాత్రం అతను గొణిగే తిట్లు ఇక్కడ రాయను.

తొమ్మిదో రోజు అతని వేలు ఒక మాట దగ్గర ఆగింది. గు, మ, స్తా. ఇంకోసారి చదివాడు. ముఖం వెలిగిపోయింది. సరిగ్గా అప్పుడే వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది. ఓబులేసు నన్ను ఉన్నచోటే వదిలి, పుస్తకం మూసి, ఒక్క అంగలో గుంతలోకి దిగాడు. చౌడేశ్వరి లోపలికి వచ్చేసరికి మగ్గం మామూలుకంటే జోరుగా ఆడుతోంది.

అతుకు అయిపోయాక ఆ సాయంత్రమే ఆమె మళ్ళీ పుస్తకం తెరిచింది. నేను చివరి అధ్యాయంలో ఉన్నాను.

పేజీలు వెనక్కి తిప్పింది. ఆరో అధ్యాయం, ఏడో అధ్యాయం, ఒక్క ముక్క గుర్తు లేదు. గుర్తు మాత్రం చివర్లో ఉంది. చదివేశాను, చదివింది మరిచిపోయాను అనుకుంది. నాకు నోరుంటే ఎంత బాగుండేదో ఆ రోజు అనుకున్నంతగా మళ్ళీ ఎప్పుడూ అనుకోలేదు. మరుసటి రోజే నన్ను తీసి కిటికీలో పడేసి, పుస్తకం గ్రంథాలయంలో ఇచ్చేసి వచ్చింది.

మూడు వారాలకు పడుగు అయిపోయింది. ఓబులేసు బూడిద చిప్ప దగ్గర పెట్టుకుని అతుకు మొదలుపెట్టాడు. చౌడేశ్వరి దగ్గరికి రాలేదు. వంటింటి గడపలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది.

"పుస్తకం ఏదే?" అన్నాడు ఓబులేసు.

"ఇచ్చేసినా."

"ఇచ్చేసినావా? మరి చంపిందెవురో చెప్పు."

ఆమె చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. గుర్తు లేదని చెప్పడానికి నోరు రాలేదు.

"డాక్టరు" అంది.

ఓబులేసు తల వంచుకుని దారాలు అతుకుతూ ఉండిపోయాడు. తొమ్మిది రోజులు చెమటోడ్చి తను చదివింది గుమస్తా. పాతికేళ్ళుగా నవలలు చదువుతున్న మనిషి డాక్టరు అంటోంది. అంటే తను చదివిందంతా తప్పు. అక్షరాలు తనను మోసం చేశాయి, ఈ వయసులో ఈ ఎచ్చులు ఎందుకు అనుకున్నాడు. ఆమెను గట్టిగా అడుగుదామంటే తన దొంగచదువు బయటపడుతుంది. ఆమె నిజం చెబుదామంటే తన భయం బయటపడుతుంది. నాకు కాఫీ తోటల ఇద్దరూ గుర్తొచ్చారు.

ఆ తర్వాత ఆ ఇంట్లోకి కొత్త పుస్తకం రాలేదు. నేను కిటికీలో సూదుల డబ్బా పక్కన దుమ్ము పట్టి పడి ఉన్నాను. చౌడేశ్వరి ఒక్కో అట్టను మూడుసార్లు సరిచూసుకునేది. పాలు కాచిన సంగతి, తలుపు గడియ వేసిన సంగతి గోడమీది క్యాలెండరులో రాసి పెట్టుకునేది. ఓబులేసు వాటివైపు చూసేవాడే కాదు. అక్షరాలంటేనే మొహం తిప్పుకున్నాడు.

ఒక మధ్యాహ్నం మాత్రం ఆమె బయటికి వెళ్ళాక మగ్గం ఆగింది. ఓబులేసు కిటికీ దగ్గరికి వచ్చి నన్ను చేతిలోకి తీసుకుని, అలవాటుగా వెలుతురుకు ఎత్తి, నా తప్పు కన్నంలోంచి ఒక కన్నుతో చూశాడు.

"దీన్ని చదువుతా. దాన్నెందుకు చదవలేను?" అని తనను తనే అడిగాడు.

బుట్ట అడుగునుంచి మేక పుస్తకం తీశాడు. అక్షరాలు నిజంగా మోసం చేస్తాయో లేదో తేల్చుకోవాలనుకున్నాడు. ఈ పుస్తకంలో బొమ్మలున్నాయి. చెట్టు అని చదివిన చోట చెట్టు బొమ్మ ఉంది, బావి అని చదివిన చోట బావి ఉంది. పద్నాలుగో పేజీదాకా వెళ్ళాడు. ఎక్కడా తేడా రాలేదు. మరి డాక్టరు ఎక్కడినుంచి వచ్చాడో అతనికి అర్థం కాలేదు. నన్ను పద్నాలుగో పేజీలో పెట్టి, పుస్తకాన్ని మళ్ళీ కండెల కింద దాచాడు.

మరుసటి రోజు పొద్దున చౌడేశ్వరి ఒక నిర్ణయానికి వచ్చింది. గ్రంథాలయానికి పోయి, మేక పుస్తకం పోగొట్టానని ఒప్పుకుని, సభ్యత్వ కార్డు ఇచ్చేసి రావాలి. మరిచిపోయే మనిషికి నవలలెందుకు అనుకుంది. కార్డు రుమాలులో చుట్టుకుంది. ఆఖరిసారిగా ఇల్లంతా వెతుకుతూ కండెల బుట్టలో కూడా చెయ్యి పెట్టింది. పుస్తకం చేతికి తగిలింది.

బయటికి లాగింది. పైన నేను నిక్కి చూస్తున్నాను, నెంబరుతో సహా. నూట పదిహేడు.

నేతగాడు అట్టను ముట్టుకుంటే ముందు నెంబరు పైకి తిప్పుకుంటాడు. అట్టలు గొలుసు కట్టేటప్పుడు ఒకటి తిరగబడినా చిలక చెడిపోతుంది. అందుకని చిన్నప్పటి నుంచి పట్టుబడిన అలవాటు అది, నిద్రలో అట్ట ఇచ్చినా అలాగే పట్టుకుంటాడు. చౌడేశ్వరి మాత్రం ఈ నెంబరును ఒక్కసారైనా పైకి పెట్టలేదు. ఏం మరిచిపోయినా సిగ్గుపడినది మరిచిపోదు కదా.

ఆమె అలాగే నేల మీద కూర్చుండిపోయింది.

"ఆ పొద్దు గూడా నెంబరు పైకే ఉండె" అంది మెల్లగా. హత్య కథలో చివరి అధ్యాయం తెరిచిన సాయంత్రం ఆమె కళ్ళ ముందుకు వచ్చింది. ఆ రోజు భయంలో చూసి కూడా పట్టించుకోలేదు.

లేచి మగ్గం దగ్గరికి పోయి నిలబడింది. ఓబులేసు మగ్గం ఆపాడు.

"మేకపిల్ల ఏమైంది?" అని అడిగింది.

"యా మేకపిల్ల?"

"పద్నాలుగో పేజీలో ఉండేది."

ఓబులేసు ఆమె చేతిలో నన్ను చూశాడు. దొరికిపోయిన దొంగలా తల గోక్కున్నాడు.

"బావి కాడ నిలబడుకోని ఉండాది" అన్నాడు. "చౌడీ, నాకు సరిగ్గా రాదులే. ఊరికే చూసినా. ఆ మిల్లు కథ గూడా చూసినా. గుమస్తా అని చదివినా, నువ్వు డాక్టరు అంటివి. ఆ పొద్దే ఇడ్సిపెట్టినా."

చౌడేశ్వరి గుంత అంచున కూలబడింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఓబులేసుకు అర్థం కాలేదు. రెండూ అని నాకు తెలుసు, నేను ఆమె చేతిలోనే ఉన్నాను.

"నేను ఆ పుస్తకం సగం గూడా చదవలేదయ్యా. గుర్తు చివర్లో ఉంటే, చదివి మరిచిపోతి అనుకుంటి. మా అమ్మ మాదిరి అయిపోతానేమో అని నెలనుంచి సచ్చిపోతాండా."

ఓబులేసు గుంతలోంచి పైకి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె తల మీద చెయ్యి వేశాడు.

"అట్లయితే డాక్టరు ఎట్ల వచ్చె?" అన్నాడు చివరికి.

"నోటికొచ్చింది చెప్పినా."

"పాపం డాక్టరు."

ఆ మధ్యాహ్నం ఇద్దరూ కలిసి గ్రంథాలయానికి వెళ్ళారు. చౌడేశ్వరి ముక్కుపుడకల చిలకల చీర కట్టుకుంది. ఓబులేసు చొక్కా మార్చుకున్నాడు. పాతికేళ్ళలో అతను ఆ మెట్లు ఎక్కడం అదే మొదటిసారి. మేక పుస్తకం బల్ల మీద పెట్టి, చౌడేశ్వరి హత్య కథ అడిగింది.

"మీరు చదివేసినారు కదక్కా?" అంది షంషాద్ మేడమ్.

"ఈయన చదువుతాడు."

షంషాద్ మేడమ్ ఓబులేసు వైపు చూసింది. లేచి పుస్తకం తెచ్చింది. ఓబులేసు చివరి అధ్యాయం తీసి, వేలు పెట్టి, గొంతు సవరించుకున్నాడు. పేపర్లు చదువుతున్న ఇద్దరు ముగ్గురు తలెత్తారు. ఇప్పుడు ఆ మాట వేరే ఏదైనా అయితే ఈ మనిషి మళ్ళీ పుస్తకం ముట్టడని నాకు తెలుసు. చౌడేశ్వరికీ తెలుసు. ఆమె నన్ను పిడికిట్లో ఎంత గట్టిగా పట్టుకుందంటే నా మూల ఒకటి వంగిపోయింది. ఆ వంకర ఇప్పటికీ ఉంది.

"మిల్లు... యజ... మాని... ని... చం... పిన... వాడు..." అని ఊపిరి తీసుకున్నాడు. "గు... మ... స్తా. గుమస్తా."

"గుమస్తానే" అంది చౌడేశ్వరి పేజీలోకి తొంగిచూసి.

పేపరు చదువుతున్న పెద్దాయన ఒకరు కళ్ళజోడు తీసి, నేను ఆ పుస్తకం సగంలో ఉన్నానయ్యా అని వాపోయాడు. ఓబులేసు ఆయనకు దండం పెట్టి క్షమించమన్నాడు.

కార్డు ఇచ్చేద్దామని రుమాలులో చుట్టుకున్న చౌడేశ్వరి, ఆ రోజు ఇంకో కార్డుతో బయటికి వచ్చింది. దాని మీద ఓబులేసు తన పేరు తనే రాశాడు. షంషాద్ మేడమ్ అతనికి మొదటి పుస్తకంగా పిల్లల నవల ఇంకోటి ఇవ్వబోయింది.

"మేకలు చాలు మేడమ్. ఎవురన్నా సచ్చే పుస్తకం ఇయ్యండి" అన్నాడు.

ఇంటికి వచ్చాక కొత్త తగాదా మొదలైంది. చదివేవాళ్ళు ఇద్దరు, గుర్తు ఒకటే. నన్ను ఇద్దరూ లాక్కున్నారు. చివరికి చౌడేశ్వరి లేచి మిషను ముందు కూర్చుంది. చిలక గళ్ళకాగితం తీసి పరిచింది. ఈసారి ఒడిలో నవల లేదు. గడి గడికీ చూసుకుంటూ కొత్త అట్ట కొట్టింది. ముక్కు దగ్గరికి వచ్చాక ఒక్క క్షణం ఆగి, ఎక్కువ కన్నం ఒకటి కొట్టింది. కొసన నెంబరు వేసి మొగుడికి ఇచ్చింది.

ఓబులేసు దాన్ని వెలుతురుకు ఎత్తాడు.

"ముక్కుపుడక ఉండాది."

"ఉండల్ల" అంది చౌడేశ్వరి.

నా పని ఇంకా అయిపోలేదు. ఇప్పుడు నేను సముద్రంలో ఓడ మునిగిపోయే ఒక పెద్ద నవలలో ఉన్నాను. ఆ పుస్తకంలోనే నాకు జంట కూడా ఉంది. నేను నెంబరు కిందికి పెట్టుకుని ఉంటాను, అది పైకి పెట్టుకుని ఉంటుంది. మొన్నటికి నాకంటే నలభై పేజీలు వెనక ఉండేది. ఈ రోజు పొద్దున చూస్తే మా మధ్య పన్నెండు పేజీలే ఉన్నాయి.